చిగురు పిలవని పేరు

అనగనగా ఒక అడవి. ఆ చివర వరిచేలు, ఈ చివర వాగు. వాగు ఒడ్డున ఎప్పుడో ఎండిపోయిన మద్దిచెట్టు ఒకటి ఉండేది. దానికి ఆకు లేదు, కాయ లేదు. పొడుగాటి కొమ్మ ఒకటి మాత్రం నేలకు అడ్డంగా చాచి ఉండేది. తెల్లవారగానే ఇరవైయొక్క చిలకలు వచ్చి ఆ కొమ్మ మీద వరసగా కూర్చునేవి.

పిల్లలూ, అవి స్వేచ్ఛగా పెరిగిన చిలకలు కావు. అన్నీ పంజరాల్లో మగ్గినవే. సంతలో చిలకల్ని అమ్మేవాడు పంజరం మీద పంజరం పేర్చి పెట్టేవాడు. ఒకనాడు ఒక పెద్దాయన ఎడ్లబండి మీద ఆ దారిన వచ్చాడు. ఆగి చూశాడు. ఆ చిలకలన్నిటినీ విడిపించడానికి తన ఎడ్లనిచ్చాడు, బండినిచ్చాడు. ఒక్కో పంజరం తలుపు తన చేత్తోనే తీశాడు. తుప్పు పట్టిన తీగలు గీరుకుని ఆయన అరచెయ్యి చీరుకుపోయింది. అయినా ఆయన ఆగలేదు.

వెళ్ళబోతూ పక్కకు చూశాడు. అక్కడ చాప పరుచుకుని చిలకజోస్యం చెప్పేవాడు కూర్చున్నాడు. వాడి ముందు చిన్న పెట్టెలో ఒక్క చిలక ఉంది. పెద్దాయన దగ్గర ఇక ఏమీ లేదు. భుజం మీది కంబళి తీసి ఇచ్చాడు. జోస్యగాడు తల అడ్డంగా ఊపాడు. అప్పుడు పెద్దాయన వంగి, కాళ్ళకున్న చెప్పులు కూడా విడిచి ఇచ్చాడు. ఆ ఒక్క చిలక కూడా ఎగిరింది. ఆయన మండుటెండలో వట్టి కాళ్ళతో నడిచి వెళ్ళిపోయాడు.

చిలకలు ఆయన్ని మరిచిపోలేదు. పంజరంలో పెట్టిన పేర్లు వదిలేసి కొత్త పేర్లు పెట్టుకున్నాయి. తమ గుంపును సంఘం అని పిలుచుకున్నాయి. అంతేకాదు, ఒక కట్టుబాటు చేసుకున్నాయి. దాని పేరు వరస పిలుపు.

పంజరంలో పెరిగిన చిలక అడవిలో దారి తప్పడం తేలిక. గద్దకు చిక్కడం ఇంకా తేలిక. అందుకని పొద్దున్నే అన్నిటికంటే పెద్దదైన తంగేడు పెద్దమ్మ మొదట గొంతెత్తి తన పక్కనున్న చిలకను పేరుపెట్టి పిలిచేది. ఆ చిలక తన పక్కదాన్ని పిలిచేది. అలా పిలుపు కొమ్మంతా నడిచి, చివరి చిలక మళ్ళీ పెద్దమ్మను పిలిచేది. పిలుపు చుట్టి వచ్చేదాకా ఎవరూ ముక్కున గింజ పెట్టకూడదు. ఎవరి పక్కవాణ్ణి వాళ్ళే పిలవాలి.

ఆ కొమ్మ మీద పగడం అనే చిలక ఉండేది. బలమైన రెక్కలు, ఎర్రటి ముక్కు, పదునైన మాట. దాని కుడిపక్క దొండమ్మ కూర్చునేది. దొండమ్మ నోరు మూతపడటం ఎవరూ చూడలేదు. పగడానికి ఎడమపక్క చిగురు కూర్చునేది. పెద్దాయన చెప్పులిచ్చి విడిపించిన చిలక అదే. జోస్యగాడి దగ్గర దాని పేరు గింజ. చిగురు అని పేరు పెట్టింది తంగేడు పెద్దమ్మ.

పిలుపు తన దాకా వచ్చినప్పుడు చిగురు మెడ చాచి, "పగడమన్నా!" అని పిలిచేది. చివరి అక్షరాన్ని కాస్త సాగదీసేది. పగడం వినీ విననట్టు ఈకలు సర్దుకునేది. కానీ ఆ పిలుపు వినకుండా దానికి తెల్లవారినట్టు ఉండేది కాదు. ఆ సంగతి దానికి అప్పటికి తెలియదు.

వరికోతలు అయ్యాయి. చేలలో రాలిన వడ్లు ఎన్నో. సంఘమంతా సంబరపడింది. చిగురు మాత్రం ఒక్క గింజ ముట్టలేదు. మేడిపళ్ళు, రేగిపళ్ళు తిని ఊరుకునేది. అది చూసి పెద్దమ్మ, కొమ్మ మీదికి ఎవరూ వడ్లు తేవద్దని చెప్పింది.

"వడ్లు తినని చిలకట! రేపు ఎగరనని కూడా అంటాడేమో చూడండి!" అని దొండమ్మ నవ్వింది.

పగడం చిగురును పక్కకు పిలిచి అడిగింది. "ఏంట్రా నీ బాధ?"

 చిగురు మెల్లగా చెప్పింది.

"జోస్యం చెప్పినప్పుడల్లా నాకు ఒక వడ్లగింజ పెట్టేవాడన్నా. పెట్టెలోంచి బయటికి రావాలి, ఒక కార్డు తీయాలి, గింజ తినాలి, లోపలికి పోవాలి. ఒకరోజు ఒక తల్లి వచ్చింది. చంకలో బిడ్డ జ్వరంతో కాలిపోతున్నాడు. ఆసుపత్రికి పోనా, ఇంటికి పోనా అని అడిగింది. నేను కార్డు తీశాను. ఏ కార్డైనా నాకు ఒకటే కదా. ఏమీ భయం లేదు, ఇంటికి పొమ్మన్నాడు వాడు. ఆమె నాకు దండం పెట్టి ఇంటికి వెళ్ళిపోయింది. వచ్చే సంతకి ఒక్కతే వచ్చింది. చంకలో బిడ్డ లేడు. ఆ గింజ రుచి ఇంకా నా నాలుక మీదే ఉందన్నా. వడ్లు చూస్తే ఆ తల్లే కనబడుతుంది."

పగడానికి జాలి కలిగింది. కానీ జాలి కంటే వాదం మీద దానికి మక్కువ ఎక్కువ. నేరుగా పెద్దమ్మ దగ్గరికి వెళ్ళింది.

"పెద్దమ్మా, వడ్లను పుట్టించింది దేవుడా, జోస్యగాడా?"

"దేవుడే."

"తింటే తప్పా?"

"కాదు."

"మరి కొమ్మ మీదికి వడ్లు తేవద్దంటావేం?"

"తినొద్దనలేదు నాయనా. చేలల్లో కడుపునిండా తిను. ముక్కు తుడుచుకుని రా. కొమ్మ మీద మాత్రం చిగురు తినగలిగిందే అందరం తిందాం."

"ఒక్కడి కోసం ఇరవైమంది నోరు కట్టుకోవాలా? మనల్ని విడిపించింది ఇందుకేనా? పెట్టెలోంచి వాడు బయటికొచ్చాడు, మేం పోయి వాడి పెట్టెలో కూర్చోవాలన్నమాట!"

పెద్దమ్మ జవాబు చెప్పలేదు. పగడం తాను గెలిచాననుకుంది. వాదంలో గెలిచినవాడికి ఎదుటివాడి మౌనం ఎప్పుడూ తీపిగానే ఉంటుంది పిల్లలూ. అది మంచి తీపి కాదు.

మర్నాడు పిలుపు ముగియగానే పగడం చేలకు ఎగిరి, నిండు వరికంకి ఒకటి ముక్కున కరుచుకొచ్చింది. కొమ్మ మీద చిగురు ముందు పెట్టింది.

"తిను" అంది.

"వద్దన్నా."

"నువ్వు విడుదలైన చిలకవేనా?"

"అవునన్నా."

"అయితే తిను. తినలేకపోతే నువ్వింకా పెట్టెలోనే ఉన్నట్టు. ఆ పెద్దాయన చెప్పులు దండగ చేసినట్టు."

 చిగురు అటూ ఇటూ చూసింది. అందరి కళ్ళూ దాని మీదే ఉన్నాయి. అన్నిటికంటే ఎక్కువగా పగడం కళ్ళు. పగడం ముందు చిన్నబోవడం కంటే చావే నయమనిపించింది దానికి. ఒక గింజ ఒలిచింది.

మొదటి గింజ మింగగానే, ఎవరో పిలిచినట్టు దాని తల నేల వైపు తిరిగింది. రెండో గింజ మింగగానే, కొమ్మకు చిక్కుకున్న ఎండుటాకును ముక్కుతో తీసి, కార్డు తీసినట్టు ముందు పెట్టింది. మూడో గింజ మింగాక, వెనక్కి వెనక్కి నడిచి, మద్దిచెట్టు తొర్రలోకి దూరి కూర్చుంది.

దొండమ్మ పకపకా నవ్వింది. "అయ్యో, జోస్యం చెబుతున్నాడర్రా! నా పెళ్ళెప్పుడో అడగండి!"

ఇంకో నలుగురు నవ్వారు. పగడం కూడా నవ్వింది. నవ్వుతూనే, "చూశావా, తింటే ఏమైంది? ఏమీ కాలేదుగా" అంది.



మర్నాడు తెల్లవారింది. పెద్దమ్మ పిలుపు మొదలుపెట్టింది. పిలుపు కొమ్మ మీద నడిచి వచ్చింది. చిగురుకు అవతల కూర్చునే చిలక "చిగురూ!" అని పిలిచింది.

 పగడానికి ఎడమపక్క కొమ్మ ఖాళీగా ఉంది.

అందరూ ఎదురుచూశారు. ఎండ వాగు మీదికి పాకింది. ఇంతలో ఒక పిచ్చుక చెప్పింది. "మీ చిలకేనా? నిన్న సాయంత్రం చేల గట్టు మీద నడుచుకుంటూ, రాలిన గింజలు ఏరుకుని తింటూ సంత దారిన పోయింది. రెక్కలున్నా ఎగరలేదు. జోస్యగాడి పెట్టె తలుపు తెరిచే ఉంది. తనంతట తానే లోపలికి పోయింది."

ఎవరూ నవ్వలేదు.

"ఆకలవుతోంది పెద్దమ్మా. ఈ పూటకి పగడాన్ని నేను పిలిచేస్తాను, పిలుపు సాగిపోతుంది" అంది దొండమ్మ.

"వద్దు. పగడాన్ని పిలవాల్సింది చిగురు. అది వేరేవాళ్ళ నోటికి ఇవ్వడానికి లేదు" అంది పెద్దమ్మ.

ఆ రోజు నుంచి పిలుపు అక్కడే ఆగిపోయేది. సంఘం ఎండ వాగు దాటేదాకా ఎదురుచూసి, ఆ తర్వాత మౌనంగా మేతకు వెళ్ళేది. పగడాన్ని ఎవరూ పిలిచేవారు కారు.

మొదటి రెండు రోజులు పగడం పట్టించుకోలేదు. చేలకు ఎగిరి వడ్లు తింది. వడ్లు వడ్లలాగే ఉన్నాయి. నాలుగో రోజు వడ్లు ఇసకలా ఉన్నాయి. పిలుపు వినకుండా పొద్దు మొదలుపెట్టడం దానికి చేతకాలేదు. కాకి అరిస్తే తల తిప్పేది. గాలి ఆకుల్లో సాగితే అదేనేమోనని చెవి రిక్కించేది. ఇంతకుముందు రోజూ విన్న పిలుపే. ఒక్కసారైనా "ఊఁ" అని పలికిన పాపాన పోలేదు తను. ఇప్పుడు ఆ చివరి అక్షరం కోసం దాని ప్రాణం కొట్టుకులాడింది.

ఒకరోజు సంతకు ఎగిరింది. జోస్యగాడు నిద్రగన్నేరు చెట్టు కింద చాప పరుచుకుని కూర్చున్నాడు. చిగురు బయటికొచ్చి, కార్డు తీసి, గింజ తిని, లోపలికి పోతోంది. దాని రెక్కలు కత్తిరించి లేవు. తనంతట తానే తిరిగొచ్చిన చిలక ఇక ఎక్కడికీ పోదని జోస్యగాడి ధైర్యం.

పగడం కొమ్మ మీంచి అరిచింది. "ఒరే చిగురూ! నీకు రెక్కలున్నాయి. తలుపు తెరిచుంది. నువ్వు స్వేచ్ఛగల చిలకవి. ఎగురు!"

చిగురు తలెత్తలేదు. కార్డు తీసింది. గింజ తింది. లోపలికి పోయింది.

రెండోసారి పగడం పండిన మేడిపండు తీసుకెళ్ళి పెట్టె పక్కన పడేసింది. "నీకోసం ఇంత దూరం ఎగిరొచ్చాను. రా, పోదాం."

ఈసారి చిగురు తీగల దగ్గరికి వచ్చింది. "ఏ మొహం పెట్టుకుని రానన్నా? తినేశానుగా."

"అది తప్పు కాదని చెప్పానా లేదా?"

"నీకు తప్పు కాదన్నా. నాకు తప్పే. తప్పని తెలిసే తిన్నాను. నువ్వు నవ్వుతావని తిన్నాను. తిన్నాక కూడా నవ్వావు."

 అంత పదునైన మాట గల పగడం, మేడిపండు అక్కడే వదిలేసి తిరిగి వచ్చింది. వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుంది.

"పెద్దమ్మా, నేను అన్నదాంట్లో అబద్ధం ఉందా?"

"లేదు."

"మరి ఇలా ఎందుకైంది?"

పెద్దమ్మ వాగు వైపు చూస్తూ అడిగింది. "ఆ పెద్దాయన వేసుకున్న చెప్పులు ఎవరివి?"

"ఆయనవే."

"వేసుకునే హక్కు ఆయనకుందా లేదా?"

"ఉంది."

"ఎండ కాలుతోందా లేదా?"

"కాలుతోంది."

"మరి ఎందుకు విప్పాడు? ఎవరి కోసం విప్పాడు?"

పగడం తల దించుకుంది. వట్టి కాళ్ళతో వేడి దుమ్ములో నడిచిపోయిన ఆ మనిషి దాని కళ్ళ ముందు నిలిచాడు. ఆయన తన హక్కు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన చెప్పులిచ్చి తెచ్చిన చిలకను, తాను ఒక వరికంకితో పోగొట్టింది.

"నీ నోటికి ఉన్న స్వేచ్ఛ నిజమైందే నాయనా. దాన్ని నీ తమ్ముడి మెడ మీద పెట్టి లాగావు" అంది పెద్దమ్మ. ఆమె ఓదార్చలేదు. ఓదార్చే సమయం కాదది.

మూడోసారి పగడం చెట్టు మీద వాలలేదు. నేల మీద, దుమ్ములో, పెట్టె ఎదురుగా వాలింది. పొద్దుటి నుంచి అది ఏమీ తినలేదు. చుట్టూ వడ్లగింజలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్కదాన్ని కూడా ముట్టలేదు.

"పో అన్నా! నిన్నూ పట్టుకుంటాడు" అంది చిగురు కంగారుగా.

"పట్టుకోనీ. ఒక మాట చెప్పి పోతాను. తప్పు నీది కాదురా, నాది. నీ మనసు వద్దన్నదాన్ని నీ నోట్లో కుక్కాను. నలుగురిలో నవ్వాను. ఇవాళ్టి నుంచి నేను వడ్లు ముట్టను. నువ్వు వచ్చినా ముట్టను, రాకపోయినా ముట్టను. నిన్ను రప్పించడానికి చేస్తున్న బేరం కాదిది."

చిగురు తీగల మీద ముక్కు ఆనించింది. "కొమ్మ మీద నా చోట ఎవరు కూర్చుంటున్నారన్నా?"

"ఎవరూ కూర్చోవడం లేదు. రోజూ నీ పేరు పిలుస్తున్నారు."

"ఏ పేరు? గింజనా?"

"చిగురని."

చిగురు కళ్ళు మూసుకుంది. అంతలో జోస్యగాడి తుండుగుడ్డ పగడం మీద పడింది. పగడం గింజుకుని పైకి లేచింది. తోక ఈకలు రెండు వాడి చేతిలో ఉండిపోయాయి. నిద్రగన్నేరు మీంచి వెనక్కి చూసింది. చిగురు మెల్లగా నడిచి, పెట్టె లోపలికే పోయింది.

పగడం ఒంటరిగా తిరిగి వచ్చింది.

మాఘం పోయింది. ఎండలు ముదిరాయి. చేలు బీటలు వారాయి. మేడిపళ్ళు అయిపోతే పగడం వేపపళ్ళు తింది. సంఘంలో చాలామంది ఊళ్ళో కళ్ళాల దగ్గర వడ్లు తినేవారు. పగడం ఎవరినీ ఏమీ అనలేదు. "తినండి, మీకు తప్పు కాదు" అనేది. తను మాత్రం ముట్టేది కాదు. దొండమ్మ ఒకరోజు చూసి చూసి, "నేనూ వేపపళ్ళే తింటాలే, నీకు తోడుగా. చేదు సగం సగం" అంది. అని ఆ పూటంతా వేపపండును తిడుతూనే ఉంది.

రోజూ పిలుపు వచ్చి ఖాళీ చోటు దగ్గర ఆగేది. రోజూ పగడం ఆ ఖాళీ వైపు తిరిగి కూర్చునేది. ఎండ వాగు దాటేది. ఎవరూ రారు. ఇక వదిలేద్దామని ఒక్కరూ అనలేదు. అనాలని ఎవరి నాలుక చివరనైనా ఉందేమో. పెద్దమ్మ మొహం చూసి మింగేసేవారు.

తొలకరి పడింది. ఆ తెల్లవారుజామున సన్నటి జల్లు కురుస్తూనే ఉంది. చిలకలన్నీ తడిసి, ఒకదానికొకటి ఒరిగి కూర్చున్నాయి. పెద్దమ్మ పిలిచింది. పిలుపు కొమ్మంతా నడిచింది.

"చిగురూ!"

జల్లు చప్పుడు తప్ప ఏమీ లేదు. పగడం కళ్ళు మూసుకుంది. ఎదురుచూడటం దానికి అలవాటైపోయింది. ఆశపడటం మాత్రం ఎప్పటికప్పుడు కొత్తగానే ఉండేది.

కింద వాగు ఒడ్డున, తడిసిన రాయి మీంచి, బొంగురుపోయిన గొంతు ఒకటి లేచింది.

"పగడమన్నా...!"

చివరి అక్షరం సాగింది.

ఎవరూ కదల్లేదు. ఎలా వచ్చావని, ఎప్పుడు వచ్చావని, ఇన్నాళ్ళు ఏం తిన్నావని ఎవరూ అడగలేదు. చిగురు రెండుసార్లు రెక్కలు కొట్టి, మూడోసారికి లేచి, కొమ్మ మీద తన చోట వాలింది. పగడం జీవితంలో మొదటిసారి "ఊఁ" అని పలికింది. పలికి, చిగురు వైపే చూస్తూ ఉండిపోయింది. పిలుపు దాని దగ్గరే నిలిచిపోయింది.

"ఏమయ్యా, నా పేరు మర్చిపోయావా? ఇన్ని రోజులుగా వేపపళ్ళు తింటున్నాను నీ మూలంగా! పిలువు!" అని దొండమ్మ కసిరింది. కసురుతూనే కళ్ళు రెక్కతో తుడుచుకుంది.

"దొండమ్మా" అంది పగడం.

పిలుపు సాగింది. చివరి చిలక దాకా వెళ్ళి, చుట్టి వచ్చి, తంగేడు పెద్దమ్మను చేరింది. అప్పుడు ఇరవైయొక్క చిలకలూ ఒకేసారి వానలోకి ఎగిరాయి. ఆ రోజు వాగు అవతల నేరేళ్ళు పండాయి. అందరూ అవే తిన్నారు.

నీతి: క్రీస్తు మనల్ని విడిపించాడు కనుక మనకు స్వేచ్ఛ ఉంది, కానీ ఆయన ఎవరి కోసం తన్ను ఇచ్చుకున్నాడో ఆ బలహీనుణ్ణి పడదోసే స్వేచ్ఛ ఎవరికీ లేదు. హక్కు ఉన్నా సోదరుడి కోసం మానుకోగలిగినవాడే నిజంగా విడుదల పొందినవాడు. పడిపోయినవాడి చోటు ఖాళీగా ఉంచి, వాడి పేరు పిలుస్తూ ఎదురుచూసేదే సంఘం.